అక్క కిడ్నీ ఇస్తానంటోంది, బరువే అడ్డం: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అన్నయ్య వారానికి మూడుసార్లు అమలాపురం వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. పెరడంతా కొబ్బరిచెట్లే గానీ బొండం నీళ్లు ముట్టుకోకూడదు, పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. మంచినీళ్లు కూడా వదిన చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇస్తుంది.

కిడ్నీ నేనిస్తానని మా అక్క తనంతట తనే ముందుకొచ్చింది. బ్లడ్ గ్రూపు కలిసింది, షుగర్ లేదు, బీపీ లేదు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, మాత్రం 37. తగ్గి రమ్మన్నారు డాక్టర్లు. వాళ్లని తప్పు పట్టను, ఒకటి ఇచ్చేశాక జీవితాంతం రెండోదాని మీదే బతకాలి, ఊబకాయంతో ముందుముందు షుగరో బీపీనో వస్తే ఆ ఒక్కటీ దెబ్బతింటుంది. అక్క రాత్రిపూట అన్నం మానేసింది, తెల్లారకుండానే కాలవగట్టు మీద నడుస్తోంది, కొంత తగ్గి అక్కడే ఆగిపోయింది. చివరికి డాక్టరు గారే బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్ గురించి చెప్పారు, జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసేసి సన్నటి గొట్టంలా ఉంచుతారు. తిండిని పేగులో కొంత భాగం దాటించి పంపే బైపాస్ రకంలో మూత్రంలో ఆక్సలేట్ అనే లవణం పెరిగి కిడ్నీలో రాళ్లు రావచ్చు కాబట్టి దాతలకి స్లీవే మేలట. ఖర్చు లక్షల్లో.

అయ్యా, ఎన్టీఆర్ వైద్యసేవలో డయాలసిస్ ఉంది, కిడ్నీ మార్పిడి ఉంది, డయాలసిస్ వాళ్లకి నెలకి రూ.10,000 పెన్షన్ కూడా ఇస్తున్నారు, ఆ మేలు మర్చిపోం. దాత బరువు తగ్గించే ఆపరేషన్‌కే మాకు దారి దొరకలేదు. పోనీ ప్రైవేటు బీమా చూద్దామంటే, బీమా నియంత్రణ సంస్థ 2019 నిబంధనల ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులో లేని షుగరో గుండెజబ్బో అలాంటి పెద్ద జబ్బు కూడా ఉండాలి. అలాంటి వాళ్ల కిడ్నీ ఎవరు తీసుకుంటారండీ? ఆరోగ్యంగా ఉంది కాబట్టే మా అక్క ఇవ్వగలదు, ఆరోగ్యంగా ఉంది కాబట్టే సాయం రావట్లేదు!

దగ్గరి బంధువే దాత, బరువు తప్ప వేరే అడ్డు లేదు అని మార్పిడి చేసే డాక్టర్లు రాసిస్తే ఈ ఆపరేషన్‌ని మార్పిడి ప్యాకేజీలోనే కలపండి, తర్వాత ఎప్పటికీ వాడాల్సిన విటమిన్ మాత్రలతో సహా. ఆపరేషన్ అయ్యాక దాత మనసు మార్చుకున్నా డబ్బు వెనక్కి అడగకూడదని కూడా జీవోలో రాయండి, లేకపోతే ఇళ్లలో ఆడవాళ్ల మీద ఎంత ఒత్తిడి పడుతుందో మీకు తెలియనిది కాదు.

బరువు తగ్గడానికే నెలలు పడుతుంది, ఆపైన మళ్లీ పరీక్షలన్నీ చేయాలి, అందాకా అన్నయ్య చేతికి సూదులు తప్పవు. వచ్చే బడ్జెట్ దాకా ఆగకుండా ఇప్పుడే జీవో ఇవ్వండి.

ఇట్లు,
రాజోలు నుంచి ఒక చెల్లెలు