మా పిల్లల తాడు పట్టుకున్న అందరికీ కృతజ్ఞతలు

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ ప్రాథమిక శిక్షణ పూర్తి చేసుకుని వచ్చారు. అందరూ క్షేమం. మోచేతుల మీద గీరుకున్న గుర్తులున్నాయి. వాటిని ఇంటింటా గర్వంగా చూపించుకుంటున్నారని విన్నాను. ఈ శిక్షణ కోసం డబ్బు ఇచ్చినవారికి, గుట్ట ఎక్కినవారికి, వండినవారికి, నీళ్లు మోసినవారికి పాఠశాల తరఫున, వ్యాయామ ఉపాధ్యాయురాలిగా నా తరఫున నమస్కారాలు. ఊరికి దూరంగా ఉండి సాయం పంపినవారికి ఇక్కడ ఏం జరిగిందో తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా బడికి పుస్తకాలు వస్తాయి, యూనిఫాం వస్తుంది, మధ్యాహ్న భోజనం ఉంది. కొండ ఎక్కడం నేర్పడానికి మాత్రం ఏ పద్దూ లేదు. అది డబ్బున్న ఇళ్ల పిల్లల సెలవుల సరదా అని చాలామంది అనుకుంటారు. మన జిల్లాలో ఉండి అలా అనుకుంటే నాకు మనసు ఒప్పదు. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు శిఖరం చేరిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. డార్జిలింగ్‌కు, లడఖ్‌కు వెళ్లకముందు ఆ పిల్లలు మొదట చేయి పెట్టింది మన భువనగిరి బండ మీదే. మా బడి పిల్లలు ఆ బండను రోజూ బస్సు కిటికీలోంచి చూస్తూనే పెరుగుతున్నారు. తాకడానికి మాత్రం దారి లేకపోయింది.

శిక్షణ రుసుము, రవాణా, భోజనాలు, హెల్మెట్లు అన్నీ లెక్కేస్తే మా చేతిలో ఉన్నది ఏ మూలకూ చాలదు. ఊరికే చందా అడగడం కన్నా అందరం కలిసి చెమటోడ్చి అడిగితే బాగుంటుందని పూర్వ విద్యార్థులు అన్నారు. అలా పుట్టింది జట్ల సవాలు. గుట్ట నేల నుంచి 500 అడుగులకు పైగా ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండాలని 500 అడుగులే తీసుకున్నాం. ఎవరెస్ట్ ఎత్తు 2020లో ప్రకటించిన కొలత ప్రకారం 8,848.86 మీటర్లు, అంటే సుమారు 29,032 అడుగులు. ఒక జట్టు మొత్తం కలిపి యాభై తొమ్మిదోసారి గుట్ట మీది కోట ఎక్కేసరికి ఎవరెస్ట్ ఎత్తు దాటుతుంది. ఇరవై మంది జట్టయితే మనిషికి మూడుసార్లు. ఎక్కిన ప్రతిసారికీ ఇంత ఇస్తామని బంధువులు, స్నేహితులు ముందే మాట ఇవ్వాలి.

పూర్వ విద్యార్థులు ఒక జట్టు, ఉపాధ్యాయులు, వాళ్ల కుటుంబాలు ఒక జట్టు, పదో తరగతి పిల్లలు ఒక జట్టు, మహిళా సంఘాల అమ్మలు ఒక జట్టు. సంక్రాంతి దాటాక, ఎండ ముదరకముందు ఒక ఆదివారం పెట్టుకున్నాం. ఆ బండ మధ్యాహ్నానికి కాలుతుంది, అందుకే అంత తొందర. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి కాలం నాటి కోట అది. సర్వాయి పాపన్న దండెత్తిన కోట. ఆ రోజు మాత్రం మా ఊరి అమ్మలు దాన్ని జయించారు. చీర కొంగులు బిగించి, ఒకరి సంచి ఒకరు అందుకుంటూ, మాటలు ఆపకుండా ఎక్కారు. పొలంలో రోజంతా వంగి పనిచేసే నడుములు కదా. పూర్వ విద్యార్థుల జట్టు సగం దారిలో ఆయాసపడుతుంటే పక్కనుంచి దాటిపోయారు. అందరికన్నా ముందు లెక్క పూర్తి చేసింది వాళ్లే.

పైన చెరువు గట్టున కూర్చుని ప్రతి ఒక్కరి చేతి మీదా ముద్ర వేసి లెక్క రాసిన గణితం సారుకు, కింద మెట్ల దగ్గర ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టుకుని పొద్దంతా నిలబడ్డ ఏఎన్ఎం అక్కకు, పులిహోర, మజ్జిగ పంపిన ఇళ్లకు, కిరాయి తీసుకోకుండా తిప్పిన ఆటో అన్నలకు, ఓపిగ్గా సహకరించిన కోట సిబ్బందికి మా ధన్యవాదాలు. దుబాయిలో పనిచేస్తున్న మా పాత విద్యార్థి ఒకరు వాళ్లమ్మ ఎక్కే ప్రతిసారికీ డబ్బు పంపుతానన్నారు. ఆ తల్లి మూడుసార్లతో ఆగలేదు. ఆయన సంతోషంగా మొత్తం పంపారు.

మరొక మిత్రుడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తన దగ్గర ఉన్న పాత క్లైంబింగ్ తాడు ఇస్తానని ముందుకొచ్చారు. తీసుకోలేమని చెప్పాల్సి వచ్చింది. ఎక్కేవారు జారి పడినప్పుడు వాళ్లకు కట్టిన తాడు కొంచెం సాగుతుంది, ఆ సాగుడే శరీరానికి తగిలే కుదుపును తగ్గిస్తుంది. వాడకంతోనూ, ఏళ్లు గడిచేకొద్దీనూ ఆ గుణం తగ్గిపోతుంది. పైకి బాగానే కనబడుతుంది. ఏ పతనాలు చూసిందో చరిత్ర తెలియని తాడుకు పిల్లల ప్రాణం కట్టకూడదన్నది ఈ రంగంలో మొదటి నియమం. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. దానికి బదులు కొత్త హెల్మెట్లు కొనిచ్చారు. అంత పెద్ద మనసుకు ఏమని చెప్పను.

శిక్షణకు ముందు మా తొమ్మిదో తరగతి అమ్మాయి నాన్నగారు, గీత కార్మికుడు, బడికి వచ్చి పిల్లలతో ఒక పూట గడిపారు. తాటిచెట్టు ఎక్కే తాళ్లయిన మోకు, ముత్తాదు తెచ్చి, మోకు ఎలా వేస్తారో, ముత్తాదు మీద బరువు ఎలా మోపుతారో చూపించారు. ‘ఒక పట్టు గట్టిగా కుదిరితేనే రెండోది వదలాలి’ అన్నారు. తర్వాత గుట్ట మీద శిక్షకులు చెప్పిందీ అదే. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ బండ మీద ఉండాలి, ఒక్కటే కదలాలి. తరాలుగా తాటిచెట్టు ఎక్కుతున్నవారి విద్య ఇది. 2024లో గీత కార్మికులకు చెట్టు మీంచి జారిపడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలైంది కదా, ఆయన తన కిట్టు కూడా తెచ్చి పిల్లల హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే పట్టీ) పక్కన పెట్టి చూపించారు. వాళ్ల నాన్న పనిని క్లాసు మొత్తం నోరు తెరుచుకుని చూస్తుంటే ఆ అమ్మాయి ముఖం చూడాలి. ఆయనకు నా పాదాభివందనం.

ఇక అసలు విషయం. డబ్బు కోసమే ఈ సవాలు పెట్టుకున్నాం. డబ్బు వచ్చింది. దాంతోపాటు సంతకాలు వచ్చాయి. అంతకుముందు అంగీకార పత్రాలు ఇళ్లకు పంపితే ఆడపిల్లలవి చాలావరకు ఖాళీగా తిరిగొచ్చాయి. ‘చేయి విరిగితే పెళ్లెవరు చేసుకుంటారు’ అన్నవారున్నారు, ‘రాత్రి బయట ఉండటం ఎందుకు’ అన్నవారున్నారు. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. కానీ అమ్మలు తామే గుట్ట ఎక్కి, శిక్షకులతో మాట్లాడి, తాళ్లు తామే పట్టి చూసి వచ్చాక మాట మారింది. మరుసటి రోజు ప్రార్థన వేళకే పత్రాలు నా బల్ల మీద ఉన్నాయి. కొన్నింటి మీద వేలిముద్రలు. ఆ కాగితాలు నాకు ఏ చెక్కు కన్నా ఎక్కువ. తల్లులారా, మీరు చేసిన సాయాల్లో ఇదే పెద్దది.

శిబిరంలో పిల్లలు ఎనిమిది అంకె ముడి నేర్చుకున్నారు, బిలే నేర్చుకున్నారు. బిలే అంటే ఒకరు ఎక్కుతుంటే కింద ఉన్నవారు తాడు చూసుకోవడం. తరగతిలో పక్కపక్కన కూర్చోనే కూర్చోని ఇద్దరు పిల్లలు అక్కడ ఒకరి తాడు ఒకరు పట్టుకున్నారు. రాపెల్లింగ్, అంటే తాడు ఆధారంగా బండ మీంచి కిందికి దిగడం, నేర్పిన రోజు బండ అంచు దగ్గర ఒక అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ నవ్వలేదు. తానే వెనక్కి వాలి దిగింది. ఒక అబ్బాయి దిగనన్నాడు, మెట్ల దారిన వచ్చాడు. వాడికీ మిగతావారితో సమానంగా చప్పట్లు కొట్టారు పిల్లలు. నా పిల్లల్ని చూసి నాకు గర్వమనిపించింది.

వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి ఖర్చు, రసీదులతో సహా పాఠశాల నోటీసు బోర్డు మీద ఉంది. ఎవరైనా వచ్చి చూడవచ్చు. దూరాన ఉన్నవారు అడిగితే ఫోటో తీసి పంపుతాం. మిగిలిన డబ్బు వచ్చే ఏడాది ఎనిమిదో తరగతి కోసం బడి ఖాతాలోనే ఉంచాం. హెల్మెట్లు ప్రధానోపాధ్యాయుల గది బీరువాలో ఉన్నాయి. మండలంలో ఏ ప్రభుత్వ బడికి కావాలన్నా రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లవచ్చు.