దూరం నుంచి చదివే స్కాన్‌కు నియమాలు కావాలి

గర్భిణుల అల్ట్రాసౌండ్ స్కాన్‌లను దూరాన ఉన్న నిపుణులకు పంపి నివేదిక తెప్పించే పద్ధతిలో, ఎంచి పంపిన నాలుగైదు నిశ్చల చిత్రాల మీదే నిర్ణయమంతా ఆధారపడటం ఆందోళన కలిగిస్తోంది. ఈ పరీక్షలో పొట్ట మీద కదిపే పరికరాన్ని (ప్రోబ్) పట్టిన చేయి చూపినంత మేరకే నిపుణుడికి కనిపిస్తుంది. కొట్టుకునే చిన్ని గుండెలోని లోపం ఆగిన బొమ్మలో అంత సులువుగా దొరకదు. మా చెల్లెలి స్కాన్ చిత్రాలు స్పష్టంగా లేవన్న సంగతి ఆమె ఇల్లు చేరిన మూడు రోజులకు గానీ తెలియలేదు, మళ్లీ రమ్మన్న కబురుకు బిడ్డకేమైందోనని ఆమె ఎంత కలవరపడిందో కళ్లారా చూశాను. 24 వారాలలోపు ఒక స్కాన్ చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నందున, నిపుణులు లేని చోట్ల ఈ విధానం అవసరమే. అయితే నిర్ణీత క్రమంలో తీసిన వీడియోలను పంపాలనీ, గర్భిణి బల్ల మీద ఉండగానే నిపుణుడు ప్రత్యక్షంగా చూసి మరో కోణం అడిగే వీలుండాలనీ ఆరోగ్య శాఖలు నియమం చేయాలి.