పేషెంట్ తాలూకు మనిషి రాస్తున్న ఫిర్యాదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

మీ పేరేమిటని మీ వాళ్ళను నాలుగుసార్లు అడిగాను. చెప్పకూడదట. కాబట్టి మీ హోదాకే నమస్కారం.

విషయం: తాగుడు మాన్పించే మీ డీ-అడిక్షన్ ప్యాకేజీలో కుటుంబానికి కౌన్సెలింగ్ ఉందని చెప్పి ఇవ్వకపోవడం, ఇవ్వలేదని చెప్పుకోబోతే ఆరు వారాలుగా ఎవరూ వినకపోవడం. ఈ రెండిట్లో నా కడుపు మండుతున్నది రెండోదానికి.

మా వారు మీ దగ్గర పన్నెండు రోజులున్నారు. ఏ మందు వాడారో, ఎంత డోసో నేను రాయను, అవన్నీ మీ ఫైల్లో ఉంటాయి. చేర్చుకునే రోజు కౌంటర్లో అమ్మాయి "ఇందులో ఫ్యామిలీకి నాలుగు సెషన్లు కూడా ఉన్నాయి మేడమ్" అని, ఆ ముక్క కింద పెన్నుతో గీత గీసి మరీ చూపించింది. గీత గీసిన ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. సెషన్లే రాలేదు.

ఆ పన్నెండు రోజుల్లో నా పేరు ఎవరూ అడగలేదు. "పేషెంట్ తాలూకు ఎవరు?" అని కేకేసేవారు, నేను లేచేదాన్ని. సంతకానికి తాలూకు, బిల్లుకు తాలూకు, బట్టలు తేవడానికి తాలూకు. డాక్టరుగారు రౌండ్స్‌కి వస్తే మాత్రం "తాలూకు వాళ్ళు బయట ఉండండి". రోజుకు ఎంత తాగుతారని ఆయన్నే అడిగారు. "ఎప్పుడైనా ఫ్రెండ్స్‌తో కాస్త" అన్నారాయన. తలుపవతల నిలబడి విన్నాను. ఫ్లష్ ట్యాంకులోంచి, స్కూటర్ డిక్కీలోంచి, మా అమ్మాయి పాత స్కూలు బ్యాగులోంచి సీసాలు తీసింది నేను. నన్నడిగితే లెక్క చెప్పేదాన్ని కదా!

డిశ్చార్జి అయిన నాలుగో రోజు మొదటిసారి మీకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కితే అపాయింట్‌మెంట్, రెండు రిపోర్టులు, మూడు బిల్లింగ్, నాలుగు హెల్త్ చెకప్ ఆఫర్లు, ఐదు నొక్కితే మళ్ళీ మొదటికి. "తాగే మనిషితో ఒకే ఇంట్లో ఉన్నాను, భయంగా ఉంది" అన్నదానికి మీ దగ్గర అంకె లేదు. ఒకటి నొక్కాను.

మొదటి అబ్బాయి "పేషెంట్‌తో మాట్లాడించండి" అన్నాడు. సెషన్ నాకండీ అంటే, నాకైనా సరే పేషెంటే అడగాలట. పేషెంటేమో సోఫాలో పడుకుని "నాకేం రోగం? పిచ్చి నీకే, నువ్వెళ్ళు కౌన్సెలింగ్‌కి" అంటున్నారు. ఏళ్ళ తరబడి తాగి ఒక్కనాడు ఒక్క మంచి సలహా ఇచ్చారు. అది కూడా మీరు సాగనివ్వలేదు.

రెండో అతను గోప్యత పాఠం చెప్పాడు. పేషెంట్ వివరాలు బయటివాళ్ళకి చెప్పకూడదట. బయటివాళ్ళు! సరే, ఆయన ఒప్పుకోకుండా ఆయన ఫైల్లోది చెప్పొద్దు, ఆ నియమం న్యాయమైనదే. నేను చెప్పమనలేదు బాబూ, వినమన్నాను. నా ఇంట్లో జరిగేది నేను చెబుతుంటే చెవులు మూసుకోమని ఏ నియమంలో ఉంది? ఈ జబ్బు ఎలా ఉంటుంది, ఇంట్లోవాళ్ళు వేటికి భయపడాలి అని పొడిగా నాలుగు ముక్కలు చెబితే ఎవరి రహస్యం బయటపడుతుంది? ఇదంతా అడిగేలోపు లైను మారింది. మార్చాడో, తెగిందో.

మూడో ఆవిడది ఎంత తియ్యటి గొంతో. "మీరు కాస్త ప్రేమగా ఉండండి మేడమ్, ఇంటికి రాగానే గొడవ పెట్టుకోకండి, ఆయనే మానేస్తారు." పద్నాలుగేళ్ళ కాపురంలో ఈ చిట్కా తట్టలేదు చూడండి, నాదే తప్పు. ఆయన తాగడానికి కారణం నేనేనని మా అత్తగారు ఉచితంగా చెప్పేవారు. మీ దగ్గర అదే మాట డబ్బు కట్టి విన్నాను.

నాలుగో ఆయన మరీ ఘనుడు. గొంతు తగ్గించి "తాగుడు మాన్పించే మాత్రలుంటాయి, ఆయనకి తెలియకుండా నీళ్ళలో కలిపి ఇచ్చేయండి, అందరూ అదే చేస్తారు" అన్నాడు. చేతికి దొరికుంటే ఆ రోజే కలిపేదాన్నేమో, అంత విసిగి ఉన్నాను. తర్వాత తెలిసింది. ఆయన చెప్పినది డైసల్ఫిరామ్ లాంటి మందు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండొచ్చు. అందుకే తాగే మనిషికి తెలిసి, ఒప్పుకుంటేనే ఇస్తారు. ఫోన్లో మీ మనిషి నాకు చెప్పింది చిట్కా కాదు, నన్ను హంతకురాలిని చేసే ఉపాయం. ఆ కాల్ రికార్డయ్యే ఉంటుంది. సేవల నాణ్యత కోసం రికార్డు చేస్తామని ప్రతిసారీ మీరే చెబుతారుగా.

మర్నాడు మీ మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది." ఏం పరిష్కరించారో కాస్త నాకు కూడా చెబితే సంతోషిస్తాను.

ఇక ఆ రాత్రి సంగతి. మా వారు మళ్ళీ రోజూ తాగడం మొదలుపెట్టి, ఒకనాడు పౌరుషం వచ్చి "రేపట్నుంచి చుక్క ముట్టను" అని ఆపేశారు. నేను పొంగిపోయి మా అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. రెండో రాత్రికి చేతుల్లో గ్లాసు నిలవడం లేదు. ఒళ్ళంతా చెమట. గోడ మీద ఏవో పాకుతున్నాయంటారు. మీ ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్‌కి చేశాను. "మీ కాల్ మాకెంతో ముఖ్యం", తర్వాత సంగీతం. ఆయన్ని పట్టుకోవాలా, ఫోను పట్టుకోవాలా? పదేళ్ళ మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "స్పీకర్లో పెట్టి నేను వింటుంటానమ్మా, నువ్వు నాన్నని చూసుకో" అంది. మంచం కోడుకి ఆనుకుని, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని ముప్పై ఎనిమిది నిమిషాలు మీ సంగీతం విన్నదండీ ఆ పిల్ల. మధ్యలో ఒకసారి "హలో, మా నాన్న..." అంది. మనిషనుకుంది. అది మీ ప్యాకేజీల ప్రకటన.

ఫిట్స్ వచ్చాయి. అంబులెన్సులో ఇంకో ఆస్పత్రికి తీసుకుపోయాం.

అక్కడ నైట్ డ్యూటీలో ఒక నర్సమ్మ ఆయన్ని చూసుకోవడం అయ్యాక నా దగ్గరికి వచ్చింది. గోడవారనున్న కుర్చీ లాగి కూర్చుని, "మీ పేరేంటమ్మా?" అని అడిగింది. తర్వాత "కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది. తొందరపెట్టలేదు. ఆయన చెయ్యి చేసుకుంటారా అని కూడా అడిగింది, అదీ ఆయనకి వినపడని చోటికి తీసుకెళ్ళి. బాగా అలవాటైన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చట. రెండు మూడు రోజులకి మతి కూడా తప్పి ప్రాణం మీదికి రావచ్చట. అందుకే డాక్టరు కనిపెట్టి చూస్తుండగానే ఆపాలట. ఈ ఒక్క ముక్క మీ డిశ్చార్జి రోజున ఎవరైనా నాకు చెప్పి ఉంటే, ఆయన ఆపేశారని మురిసిపోతూ రెండు రోజులు కూర్చునేదాన్నా?

మా అమ్మాయి "నేను విసిగించాననేనా నాన్న తాగేది?" అని అడిగితే, ఆవిడ దాని ఎత్తుకి వంగి "నీ వల్ల కాదు నాన్నా, అమ్మ వల్ల కూడా కాదు" అంది. మొత్తం కలిపి పావుగంట పట్టిందేమో.

ఇదంతా ఆవిడ సొంత గొప్పతనమేమీ కాదట. ఇంట్లోవాళ్ళ కోసం బ్రిటన్ పరిశోధకులు తయారుచేసిన ఫైవ్ స్టెప్ మెథడ్ అని ఒకటుంది. మామూలు క్లినిక్కుల్లో నర్సులు కూడా చేయగలిగేలా దాన్ని పెట్టారు. ముందు వాళ్ళ మాట వినాలి. తెలియాల్సినవి చెప్పాలి. ఇప్పటిదాకా ఎలా నెట్టుకొస్తున్నారో, అందులో ఏది పనిచేస్తోందో మాట్లాడుకోవాలి. అండగా ఎవరున్నారో చూడాలి. ఇంకేం సాయం కావాలో చూసి దారి చూపాలి. తాగే మనిషి రాకపోయినా, మానకపోయినా ఈ ఐదూ చేయొచ్చు. ఐదు మెట్లు మీ ఫోన్లోనూ ఉన్నాయి, ఐదోది ఎక్కితే మళ్ళీ కిందికే. ఆవిడ అల్-అనాన్ మీటింగు వివరాలు కూడా రాసిచ్చింది. తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం 1951 నుంచీ నడుస్తోందట. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ కబురు మీ కౌంటర్ దాకా చేరలేదు.

మీ మీద కోపం ఎందుకింత అంటే, మేం నిన్నమొన్నటి వాళ్ళం కాదు. మా అమ్మాయి పుట్టింది మీ దగ్గరే. మామగారి కళ్ళ ఆపరేషన్, మా అమ్మ మోకాలు, అన్నీ మీ దగ్గరే. మీ ఫైళ్ళకి మా బీరువాలో ఒక అర కేటాయించాం. చుట్టాలు వేరే ఆస్పత్రి పేరెత్తితే మీ తరఫున వాదించినదాన్ని నేను.

డబ్బు వెనక్కివ్వమని అడగడం లేదు. ఇస్తే వద్దని కూడా అనను. ఆ నాలుగు సెషన్లు కావాలి, నాకూ మా అమ్మాయికీ, ఆయన సంతకం లేకుండా. మాత్ర కలపమన్న మనిషిని ఫోన్ల ముందునుంచి లేపాలి, అంతకుముందు ఎంతమందికి ఆ సలహా ఇచ్చాడో చూడాలి. అన్నిటికంటే ముందు, నా ఫోన్ నంబరు మీ దగ్గరుంది, ఒక మనిషి చేయాలి. రికార్డు చేసిన గొంతు కాదు.

ఆదివారం దాకా చూస్తాను. వినియోగదారుల కమిషన్‌కి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, గీత గీసినది పైనే పెట్టాను. అయినా కమిషన్ తర్వాత సంగతి. సోమవారం పొద్దున పది గంటలకి మీ రిసెప్షన్లోకి వచ్చి కూర్చుంటాను, మా అత్తగారిని కూడా తీసుకొస్తాను. ఆవిడ గొంతు ఏ స్పీకరూ లేకుండానే మూడు అంతస్తులు వినపడుతుంది. అక్కడి కుర్చీలు పేషెంట్లకేనని మీ గార్డు పోయినసారి నన్ను లేపేశాడు కాబట్టి, కుర్చీలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
పేషెంట్ తాలూకు
(పేరు కావాలంటే ఫోన్ చేసి అడగండి)