పదకొండో బెడ్డు పెద్దమ్మకు

నిన్న నాన్న పొట్టలోంచి 8 లీటర్ల నీళ్లు తీశారు. ఇప్పుడు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. ఇన్నాళ్లూ పడుకుంటే ఊపిరాడక, గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చునే కునుకు తీసేవారు. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. కానీ ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు.

పెద్దమ్మా, మీ పేరు కూడా అడగలేదు. వార్డులో అందరూ పదకొండో బెడ్డు పెద్దమ్మ అన్నారు, నేనూ అదే పిలిచాను. మీ మనవరాలు ఫోన్లో చదివి వినిపిస్తుందన్న ఆశతో రాస్తున్నాను.

చదివేవాళ్లకు ముందు ఒక లెక్క చెప్పాలి. అది తెలియకపోతే ఈవిడ చేసిందేమిటో అర్థం కాదు. లివర్ సిరోసిస్ (లివర్ పాడై గట్టిపడే జబ్బు) వల్ల పొట్టలో చేరిన నీళ్లను ఒక్కసారిగా 5 లీటర్లకు మించి తీస్తే, దాంతోపాటు అల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) ఎక్కించాలి. లేకపోతే బీపీ జారిపోయి, తర్వాతి రోజుల్లో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. సోడియం పడిపోవచ్చు, తీసిన నీళ్లు తొందరగా మళ్లీ చేరొచ్చు. లీటరుకు 6 నుంచి 8 గ్రాములు ఇస్తారు. 20 శాతం అల్బుమిన్ 100 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 20 గ్రాములు. అంటే 8 లీటర్లకు మూడు సీసాలు. ఆసుపత్రి స్టోర్లో ఒక్కటీ లేదు. ఆదివారం కావడంతో బయట నాలుగు షాపులు తిరిగితే రెండే దొరికాయి. రెండిటితో అయితే 5, 6 లీటర్ల దగ్గర ఆపేస్తామనీ, మిగతాదానికి మళ్లీ వచ్చి గుచ్చించుకోవాలనీ డాక్టరు చెప్పారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

పెద్దమ్మ వాళ్ల పెద్దాయనకు అంతకుముందురోజు ట్యాపింగ్ (ఇలా నీళ్లు తీయడం) జరిగింది. ఎక్కువ వస్తాయనుకుని రెండు సీసాలు కొనుక్కొచ్చారు. తీరా 4 లీటర్లే వచ్చాయి, ఒక సీసా చాలన్నారు. రెండోది సీలు తియ్యకుండా వార్డు ఫ్రిజ్‌లోనే ఉంది. బిల్లు ఉంది కాబట్టి షాపులో తిరిగిచ్చేసి డబ్బులు తెచ్చుకోవచ్చు, లేదా వచ్చేసారికి దాచుకోవచ్చు. మిరప కోతలకు వెళ్లే మనిషికి అది ఎన్ని రోజుల కూలో లెక్కేస్తే నాకు గొంతు పూడుకుపోతోంది. ఎవరూ అడగకుండానే పెద్దమ్మ సిస్టర్ దగ్గరికి వెళ్లి, "ఆ సీసా ఆ పిల్ల వాళ్ల నాన్నకు పెట్టమ్మా" అన్నారు. డబ్బులు చేతిలో పెట్టబోతే, "మీ నాయన లేచి కూర్చున్నాక చూద్దాంలే అమ్మాయీ" అన్నారు. తెల్లారేసరికి డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. (సిస్టర్ ఆ సీసా సీలు, గడువు తేదీ, బ్యాచ్ నంబరు చూసి కేస్ షీట్లో రాసుకుని, వెలుతురుకు ఎత్తి మడ్డి లేదని చూశాకే ఎక్కించారు. ఎవరి దగ్గర తీసుకున్నా ఈ జాగ్రత్త తప్పదు. బయట వేడిలో ఉంచిన సీసా అయితే అసలు వద్దు.)

సీసా ఒక్కటే కాదు. మా కాగితాల్లో ఎక్కడా రాసి లేనివన్నీ పెద్దమ్మ పక్కన నిలబడి చెప్పారు. పెద్దాయనకు అది పదకొండోసారి. రూళ్ల పుస్తకంలో తేదీ, తీసిన లీటర్లు, ముందు బరువు, తర్వాత బరువు, ఆ రోజు మూత్రం ఎంత అన్నీ రాయించి పెట్టుకున్నారు. ఈ పద్ధతి మేమూ మొదలుపెట్టాం. నాన్నకు ముందు 68.4, తర్వాత 60.7 కిలోలు.

గుచ్చే ముందు మూత్రం పూర్తిగా పోసి రావాలని మొదట గుర్తు చేసింది ఆవిడే. మూత్రాశయం నిండి ఉంటే సూది దానికి తగలొచ్చు. స్కానింగ్‌లో గుర్తు పెట్టినప్పుడు ఎలా పడుకున్నారో గుచ్చేటప్పుడూ అలాగే ఉండాలని చెప్పి, తల వైపు ఎత్తి, కాస్త ఎడమకు ఒరిగేలా నాన్న వీపు కింద దుప్పటి మడత పెట్టారు. పక్కకు తిరిగితే నీళ్లూ పేగులూ చోటు మారతాయి, పెట్టిన గుర్తుకు విలువ ఉండదు. నాన్నకు గుర్తు ఎడమవైపు కింద, తుంటి ఎముక మొన నుంచి రెండు వేళ్లు లోపలికి, రెండు వేళ్లు పైకి వచ్చింది. పాత ఆపరేషన్ మచ్చలు, ఉబ్బిన నరాలు ఉన్నచోట గుచ్చరు.

ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) 1.9, ప్లేట్‌లెట్లు 70 వేలు అని చూసి మేం ప్లాస్మా కోసం బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తబోయాం. సిరోసిస్ ఉన్నవాళ్లకు ట్యాపింగ్ కోసమని మామూలుగా ప్లాస్మా ఎక్కించనక్కర్లేదని పెద్ద డాక్టరు ఆపారు. ఇలా అనవసరంగా పరిగెత్తేవాళ్లు ఇంకా ఉంటారని రాస్తున్నాను.

తిమ్మిరి మందు లిగ్నోకైన్ ఇచ్చి తిమ్మిరెక్కాక, చర్మాన్ని రెండు సెంటీమీటర్లు కిందికి లాగి పట్టుకుని బూడిదరంగు కాన్యులా (సూది మీద ఎక్కించిన ప్లాస్టిక్ గొట్టం), అంటే 16 గేజీది, దింపారు. చర్మం వదిలేయగానే పైరంధ్రం, లోపలిరంధ్రం ఒకే గీతలో ఉండవు, అందుకే తర్వాత కారడం తగ్గుతుంది. మొదటి నీళ్లు పరీక్షకు వెళ్లాయి. కల్చర్ సీసాల్లో (క్రిములను పెంచి చూసే సీసాలు) మంచం దగ్గరే పోయాలి, ల్యాబ్‌కు వెళ్లాక పోస్తే క్రిములు పట్టుబడే అవకాశం తగ్గుతుంది. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఘన మిల్లీమీటరుకు 250కి చేరితే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నట్టే లెక్క, కల్చర్ కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. నాన్నకు 90 వచ్చాయి. గడ్డిరంగులో తేటగా ఉన్నాయి.

మూడు లీటర్ల దగ్గర ధార ఆగిపోయింది. మాకు చేతులు వణికాయి. పెద్దమ్మ మాత్రం నిదానంగా, "పేగొచ్చి గొట్టం మూతికి ఆనుకుని ఉంటది, మీరు ముట్టుకోమాకండి" అని నాన్నను ఇంకొంచెం ఎడమకు తిప్పించి, హౌస్ సర్జన్‌ను పిలుచుకొచ్చారు. ఆయన కాన్యులాను పిసరంత వెనక్కి లాగగానే మళ్లీ మొదలైంది. పొట్ట నొక్కకూడదు. తీసేసిన ఇనుప సూదిని మళ్లీ ఆ ప్లాస్టిక్ గొట్టంలోకి దూర్చకూడదు, గొట్టం తెగి ముక్క లోపల ఉండిపోగలదు. మూడున్నర గంటల్లో పూర్తయింది. అంతసేపూ పెద్దమ్మ నాన్న పాదాలు పట్టుకుని కూర్చున్నారు. చల్లబడితే సిస్టర్‌ను పిలవాలట. ఒకసారి పిలిచారు కూడా. బీపీ 94కి దిగింది, ధార కాసేపు ఆపి అల్బుమిన్ నడిపించాక 104కి వచ్చింది.

గొట్టం తీశాక రెండు గంటలు కుడివైపు తిరిగి పడుకోబెట్టాలి, రంధ్రం పైవైపు ఉండేలా. కారడం ఆగకపోతే గాజ్ గుడ్డ మీద గుడ్డ కుక్కడం కంటే స్టోమా బ్యాగ్ (చర్మానికి అంటించే సంచి) అంటిస్తే చర్మం చెడదు, ఎంత కారిందో కొలత తెలుస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఒక కుట్టు వేస్తారు.

ఉప్పు సంగతీ ఆవిడే నేర్పారు. రోజుకు 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీ చెంచా, పొద్దున్నే చిన్న డబ్బీలో పోసి పక్కన పెట్టడం, రోజంతా అందులోంచే వాడటం. ఆవకాయ, అప్పడం, కారప్పొడి దగ్గరకు రానివ్వకూడదు. నిమ్మకాయ పిండుకోవచ్చు. "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, స్పైరనోలాక్టోన్ (నీళ్లు మూత్రంలో పోవడానికి ఇచ్చే మాత్ర) వాడేవాళ్లకు అది ప్రమాదం. నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ముట్టుకోకూడదు, కిడ్నీల మీద పడతాయి. పప్పు, గుడ్డు మాన్పించకూడదు. జ్వరం, కడుపునొప్పి, మూత్రం తగ్గడం, నల్ల విరేచనం, మాట తడబడి పగలు మగతగా ఉండటం, వీటిలో ఏది కనబడినా ఆ పూటే ఆసుపత్రికి.

ఒక్క మాట అనకుండా ఉండలేకపోతున్నాను. పదిహేను, ఇరవై రోజులకోసారి నీళ్లు తీయించుకోక తప్పని మనుషులు వీళ్లు. వస్తారని ముందే తెలుసు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే పని ఇది. అలాంటివాళ్లకు ఒక రోజు కేటాయించి, నాలుగు మంచాలు వేసి, అల్బుమిన్ ముందే తెప్పించి పెట్టడం అంత కష్టమా? ఊపిరాడని స్థితికి వస్తే తప్ప చేర్చుకోరు. కార్డు ఉన్నా ఆదివారం అనుమతి ఇచ్చే మనిషి కౌంటర్లో ఉండడు. వార్డులో బరువు మిషన్ పాడై ఉంటే కింద ఓపీకి వీల్‌చైర్లో తీసుకెళ్లి తూచాం. పెద్దమ్మ లాంటి మనిషి ఆ రోజు అక్కడ లేకపోతే మా నాన్నకు ఇంకో పోటు తప్పేది కాదు. ఒక కూలిమనిషి దయ మీద ఆధారపడాల్సిన పనా ఇది?

తమ్ముడు, మావారు, అత్తయ్య రాత్రీ పగలూ తిరిగారు. వాళ్లకు ఇంట్లోనే చెప్పుకుంటాను.

అన్నట్టు, స్కానింగ్ రూమ్‌లో భోజనం మధ్యలో లేచొచ్చి గుర్తు పెట్టిన డాక్టరుగారికి కృతజ్ఞతలు. హౌస్ సర్జన్ బాబుకు కూడా, 30 గంటల డ్యూటీలో ఉన్నాడట. అయ్యో, రెండో సీసా కోసం షట్టర్ మళ్లీ ఎత్తిన మెడికల్ షాపు అబ్బాయిని మర్చిపోయాను. ఉప్పు లేకుండా విడిగా పప్పు కాచి ఇచ్చిన క్యాంటీన్ అక్కను కూడా.

పెద్దమ్మా, నాన్న లేచి కూర్చున్నారు. సీసా డబ్బులు సిస్టర్ దగ్గర మీ పేరున, అంటే పదకొండో బెడ్డు పేరున, కవర్లో పెట్టి ఉంచాను. వచ్చేసారి వచ్చినప్పుడు తీసుకోండి.