మరమనిషిని ‘అది’ అనాలా, ‘వాడు’ అనాలా?

విజయనగరం

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

నాటకం చదివాను. నీ మరమనుషులు ఇద్దరికీ ఒకే రేకు ఒళ్ళు, ఒకే మోటార్లు అని మొదటి పేజీలోనే రాశావు. అయినా మామ్మకి మందులిచ్చేదాని పేరు లత, బాయిలర్ పేలకుండా ఆపేదాని పేరు విక్రమ్. పనిని బట్టి పేరు వచ్చేసింది. కావాలని చేసుంటే సరే, అలవాటుగా చెయ్యి రాసేస్తేనే చిక్కు.

ఈ అలవాటుకి వందేళ్ళు దాటాయి. రోబో అన్న మాటని లోకానికిచ్చిన చెక్ రచయిత చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’ 1920లో అచ్చయింది. ఆడ రోబోలు ఎందుకని అడిగితే అందులోని ఫ్యాక్టరీ డైరెక్టరు, ఇళ్ళలో పనికి, దుకాణాల్లో, ఆఫీసుల్లో ఆడవాళ్ళని చూడడం జనానికి అలవాటు, అందుకే గిరాకీ అంటాడు. ఆ డైరెక్టరే ఓ ఆడ రోబోకి సుల్లా అని రోమన్ సేనాని పేరు పెట్టేస్తాడు, ఆడపేరనుకుని. పేరొక్కటే తేల్చదు. 2010 ‘రోబో’లో చిట్టినే చూడు. మనవైపు ఆడపిల్లనైనా మగపిల్లాణ్ణైనా చిట్టి అంటాం. రజనీకాంత్ ముఖం తగిలాకే అతను మగవాడయ్యాడు.

తెలుగులో అసలు పట్టు క్రియ దగ్గరుంది. మరమనిషి తన గురించి ‘వచ్చాను’ అంటే ఆడా మగా తెలీదు. ఎదురుగా ‘వచ్చావా’ అన్నా, గౌరవంగా ‘వచ్చారు’ అన్నా అంతే. పక్కవాళ్ళు దాని గురించి మాట్లాడుకున్నప్పుడే బయటపడుతుంది. అక్కడ ‘వచ్చాడు’ మగవాడికి. ‘వచ్చింది’ ఆడమనిషికీ యంత్రానికీ కూడా. అందుకే ‘వాడు’ అనగానే విక్రమ్ మనిషైపోతాడు, లతని ‘అది’ అంటే యంత్రమనా, చులకనా తేలదు. నీ మూడో సీనులో విక్రమ్ కూడా నేల తుడుస్తున్నంతసేపు ‘అది’, కోపం రాగానే ‘వాడు’.

ఓ కాగితం మీద పాత్రలన్నీ రాసి, ఎవరు లతని ఏమంటారో ఎదురుగా వేసుకో. మామ్మ ‘ఇదేటర్రా, మాటాడతంది’ అంటుంది, మెకానిక్ ‘అది’ అంటాడు, చిన్నపిల్ల ‘అక్క’ అంటుంది. ఎవరి పిలుపు వాళ్ళకే ఉండాలి. మారితే కారణం సీనులో కనపడాలి. రంగసూచనల్లో మాత్రం ఎవరి పక్షమూ వద్దు: క్రియ లేకుండా ‘లత లోపలికి’ అని రాయి, చాలు.

ఇక గొంతు. పెద్దవాళ్ళలో మగగొంతు సుమారు 120 హెర్ట్జ్, ఆడగొంతు 210 దగ్గర ఉంటుంది. 2019లో ఆడా మగా కాని ‘క్యూ’ గొంతు తయారుచేసినవాళ్ళు 145-175 మధ్య పెట్టారు. రికార్డు చేసేది నీ గొంతే కాబట్టి, ఆ 210 నుంచి ఐదు సెమిటోన్లు (హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి ఐదు మెట్లు) దించితే 160 దగ్గరికొస్తుంది. వేగం తగ్గించి దించకు, మాట సాగి రాక్షసుడి గొంతులా వినిపిస్తుంది. ఫార్మెంట్లు (నోరు, గొంతుల ఆకారాన్ని బట్టి మాటకొచ్చే మోతలు) కదలకుండా శ్రుతి ఒక్కటే మార్చే ఆప్షన్ వాడు.

వేషానికి ఖర్చు పెట్టకు. చూసేవాళ్ళు తీర్మానించేయడానికి జడొక్కటి చాలు. తూర్పు భాగవతంలో మగవేషగాడు సత్యభామ అయ్యేటప్పుడు జడ చేసే పని నీకు తెలిసిందే. 2012లో జర్మనీ పరిశోధకులు ఒకే రోబో తలకి పొట్టి జుట్టు, పొడుగు జుట్టు పెట్టి చూపించారు. చూసినవాళ్ళు పొట్టి జుట్టుదాన్ని మరమ్మతులకి, పొడుగు జుట్టుదాన్ని పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోడానికి తగిందన్నారు.

ఇవన్నీ అయ్యాక రెండు పేర్లూ తారుమారు చేసి పైకి చదువు. నాలుక తడబడ్డ చోటే తిరగరాయాలి. నాకైతే బాయిలర్ సీను లతకే ఇవ్వాలనుంది. అంతవరకూ ‘అది’ అంటూ వచ్చిన మెకానిక్ అక్కడ ఏమంటాడో రాసి పంపు.

నాన్న