హైదర్ చనిపోయిన చోట ఫలకం కావాలి, విగ్రహం వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మైసూరును ఏలిన హైదర్ అలీ పేరు వినగానే మనవాళ్లకు శ్రీరంగపట్నమే గుర్తుకొస్తుంది. ఆయన కన్నుమూసింది మాత్రం మన చిత్తూరు దగ్గరే. 1782 డిసెంబరు 7న, నరసింగరాయనిపేటలో దండు దిగి ఉండగా, వీపున లేచిన రాచపుండు ఆయన ప్రాణం తీసింది.

ఆ తర్వాత జరిగినదే విడ్డూరం. పెద్ద కొడుకు టిప్పు అప్పటికి ఎక్కడో మలబారు తీరంలో యుద్ధంలో ఉన్నాడు. నవాబు పోయాడని పొక్కితే సైన్యం చీలిపోతుంది. అందుకే పూర్ణయ్య, కృష్ణారావు వంటి అధికారులు కబురు బయటికి పోనివ్వలేదు. శవాన్ని సుగంధ ద్రవ్యాలు నింపిన పెట్టెలో ఉంచి, ఖజానా తరలిస్తున్నట్టు కాపలా పెట్టి కోలారుకు పంపారు. దండులో ఆజ్ఞలన్నీ ఆయన పేరు మీదే వెలువడుతూ వచ్చాయి. టిప్పు చేరేదాకా చనిపోయినవాడే ఏలాడన్నమాట!

చదువురాని మామూలు రౌతుగా మొదలై, 1761 నాటికి మైసూరు రాజును పేరుకు మాత్రం మిగిల్చిన మనిషి ఆయన. 1769లో మద్రాసు వాకిటికే వెళ్లి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీతో సంధి చేయించుకున్నాడు. 1780లో కంచి దగ్గరి పొల్లిలూరు వద్ద కంపెనీ సేనాని బెయిలీ సేనను తుడిచిపెట్టాడు. మరుసటి ఏడే తమిళ తీరంలోని పోర్టోనోవోలో మరో కంపెనీ సేనాని కూట్ చేతిలో ఓడిపోయాడు. మన చంద్రగిరి కోట ఆయన వశమైనదీ 1782లోనే. ఆ ఏడు దాటకుండానే ఆయన కథ ముగిసింది.

ఇదంతా ఆయనకు హారతి పట్టడానికి రాయడం లేదు. కంపెనీకి తిండిగింజ దొరకకూడదని 1780లో ఆయన గుర్రపుదళాలు మద్రాసు చుట్టూ ఊళ్లకు ఊళ్లే తగలబెట్టాయి. వెనకనే కరువు వచ్చింది. కంపెనీతో ఆయన పోరాటాన్ని పొగిడేవారు ఆ రైతుల ఊసెత్తరు. ఆ పల్లెల గోడు చెప్పేవారు పొల్లిలూరును దాటవేస్తారు. నాకు రెండు వర్గాల మీదా కోపమే.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పర్యాటక, పురావస్తు అధికారులకు నా విన్నపం ఇది. నరసింగరాయనిపేటలోను, చంద్రగిరి కోటలోను ఈ చరిత్ర మొత్తం, కాల్చిన ఊళ్లతో సహా, వివరంగా చెప్పే ఫలకాలు పెట్టండి. విగ్రహం జోలికి మాత్రం పోవద్దు. దాని చుట్టూ రాజకీయం చేరడానికి వారం చాలు. మూడు రాష్ట్రాల సరిహద్దు జిల్లా మనది కనుక తెలుగుతో పాటు తమిళం, కన్నడంలోనూ రాయించండి. చంద్రగిరికి విహారయాత్రకు వచ్చే బడిపిల్లలు రాయల వైభవంతో పాటు దీన్నీ చదువుకుంటారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు