వార్డు పార్కులో ఒక గుంట తేనెటీగలకు

సంపాదకులకు,

వానలు పడగానే పురపాలక పార్కుల్లో మొక్కలు నాటుతారు. ఎప్పుడూ అదే వరస: పచ్చిక, డురాంటా కంచె, క్రోటన్లు, ముద్ద మందారాలు. వీటిలో తేనెటీగకు దొరికే తిండి బహు తక్కువ. ముద్ద మందారంలో కేసరాలు చాలావరకు రేకులైపోతాయి, ఇక పుప్పొడి ఎక్కడిది? రెక్క మందారమే నాటాలి.

పార్కుకో గుంట, అంటే 121 చదరపు గజాలు కేటాయిస్తే చాలు. గట్టున వేప, కానుగ, మునగ. మధ్యలో తులసి, నువ్వులు, తుమ్మి. అక్టోబరు చివర్లో ధనియాలు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, అడుగు ఎడంతో సాళ్లలో వేయాలి. పదిహేను రోజులాగి ఇంకో విడత వేస్తే పూత సాగుతుంది. రకానికో మొక్క చొప్పున కలగలిపి నాటితే లాభం లేదు. తేనెటీగ ఒక విడత మేతలో దాదాపు ఒకే రకం పూలమీద తిరుగుతుంది, కాబట్టి ఒక్కో రకం గజం వెడల్పున గుంపుగా ఉండాలి. తులసి వెన్నులు కనబడగానే తుంచేస్తుంటారు. సగం మొక్కలనైనా వదిలేయాలి.

మిద్దెతోటల వాళ్లు వంకాయ కాపు లేదని వాపోతుంటారు. వంగ పువ్వులో పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల్లోంచి రాలాలి. పువ్వును పట్టుకుని ఒళ్లు అదిరిస్తేనే అది బాగా రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ పని రాదు. నేలలో బొరియలు చేసుకునే నీలిచారల ఈగలు, ఎండుకట్టె తొలిచే నల్ల తుమ్మెదలు చేస్తాయి. అందుకే ఎండపడే ఓ మూల నాలుగు గజాల నేలను తవ్వకుండా, టైల్స్ పరచకుండా ఉంచాలి. రెండు ఎండు మొద్దులూ అక్కడే పడేయాలి.

వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి, వాటి తలలు నీటిపైన కనబడేటట్టు నీళ్లు పోయాలి. రాళ్లు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. దోమలు పెరగకుండా వారానికి రెండుసార్లు కడగాలి. చక్కెర నీళ్లు మాత్రం పెట్టొద్దు, చీమలు చేరతాయి, ఒక పట్టు రోగం ఇంకో పట్టుకు పాకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మందులు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ అనే పురుగుమందులు మొక్క మొదలు దగ్గర పోసినా మొక్కంతా పాకి పూతేనెలోకీ పుప్పొడిలోకీ వస్తాయి. ఈ గుంటలో వాటిని పూర్తిగా మానాలి, నర్సరీలో ఏం వాడారో అడిగి మరీ మొక్కలు కొనాలి. వేపనూనె చాలు, లీటరు నీటికి 5 మి.లీ., కాస్త సబ్బునీళ్లు కలిపి, పొద్దుగూకాక పిచికారీ చేయాలి. దోమల పొగ కూడా ఈ పూలమీదికి కొట్టకూడదు.

పార్కుల నిర్వహణ టెండర్లలోనే ఈ షరతులు చేర్చాలని పురపాలక కమిషనర్లను కోరుతున్నాను. పూతమీదున్న మొక్కను కత్తిరించరాదన్నది అందులో మొదటిది కావాలి.

– ఉద్యాన విభాగం విశ్రాంత ఉద్యోగి, ఖమ్మం